సైన్సు కూడా ఒక మతమేనన్న మెసేజీకి జవాబు

"సైన్సు కూడా ఒక మతమే. ఎలక్ట్రాన్‌ను మీరెప్పుడైనా చూశారా? లేదు. పుస్తకంలో ఉంది, మాస్టారు చెప్పారు, నమ్మేశారు. మేము దేవుణ్ణి నమ్మడమూ అంతే. ఎవరి నమ్మకం వాళ్లది." ఈ అర్థం వచ్చే పెద్ద మెసేజి ఒకటి మా వైజాగ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అపార్ట్‌మెంటు గ్రూపులోనూ అదే, పదో తరగతి బ్యాచ్ గ్రూపులోనూ అదే. చదివినవాళ్లు "కరెక్టే కదా" అంటూ ముందుకు పంపేస్తున్నారు. అందులో ఉన్న వాదనలు ఒక్కొక్కటే తీసుకుని జవాబు చెబుతాను. దేవుణ్ణి నమ్మకండని చెప్పడానికి ఇది రాయడం లేదు. మా ఇంట్లో శుభలేఖ మొదటిది ఇప్పటికీ సింహాద్రి అప్పన్నకే వెళుతుంది. నా పేచీ అంతా రెండూ ఒకటేనన్న మాటతోనే.

"మీరూ చూడకుండానే నమ్ముతున్నారు" అన్నది మొదటి వాదన. నిజమే, నేను ఎలక్ట్రాన్‌ను చూడలేదు. వేసుకునే బీపీ మాత్రను పరీక్ష చేయించలేదు. చెప్పినవాళ్ల మీద భరోసాతోనే మింగుతున్నాను. అయితే ఆ చెప్పినవాళ్ల మాట తప్పయితే అది బయటపడే దారి ఉందా లేదా? తేడా అంతా అక్కడే ఉంది.

దీనికి మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. 1840లో గోడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో వేధశాల (గ్రహాలను, నక్షత్రాలను పరిశీలించే కేంద్రం) కట్టించారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కలా దాటుతుందని ఖగోళ గణితం ముందే చెప్పింది. అంతకు ముందు అలా జరిగింది 1769లో. మధ్యలో 105 ఏళ్లు. అంటే 1874 నాటికి ఆ దృశ్యం చూసి గుర్తున్న మనిషి ఒక్కరూ బతికి లేరు. పెద్దలు చెప్పిన అనుభవం లేదు, కాగితం మీద లెక్క ఒక్కటే ఉంది. ఆ రోజు నరసింగరావు విశాఖలో దుర్భిణికి కన్ను ఆనించి చూశారు. చుక్క వచ్చింది. చూసినదాన్ని ప్రచురించారు. అదే రోజు ఎన్నో దేశాలవాళ్లు, ఒకరంటే ఒకరికి పడనివాళ్లు కూడా, తమ తమ దుర్భిణులతో అదే చుక్క కోసం కాచుకుని ఉన్నారు. అది రాకపోతే ఆ లెక్క పరువు అక్కడికక్కడే పోయేది. 2004లో, 2012లో మనలో చాలామంది నల్లద్దాల్లోంచి చూసింది ఆ చుక్కనే. మళ్లీ 2117లో వస్తుంది.

"వాతావరణశాఖ చెప్పినవి జరిగాయా? అంతకంటే పంచాంగం నయం" అని తర్వాతి మాట. ఈ మాట వేరే ఊరివాళ్లు అంటే సరిపెట్టుకుంటాను గానీ, హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖవాళ్లు అనడం నాకు మింగుడుపడదు. 2014 అక్టోబరు 12న విశాఖ పరిసరాల్లో తీరం దాటుతుందని ముందే చెప్పారు. పడవలు ఒడ్డుకు చేరాయి, తీరగ్రామాలు ఖాళీ అయ్యాయి. ఆ మధ్యాహ్నం గంటకు 180 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వీచిన గాలి ఉన్నట్టుండి ఆగింది. అయిపోయిందనుకుని జనం గుమ్మాల్లోకి వచ్చారు. అయిపోలేదు, అది తుపాను కన్ను. కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. తుపాను నిర్మాణం తెలిసినవాళ్లకు ఆ నిశ్శబ్దం ఏమిటో, దాని వెనక ఏం వస్తుందో ముందే తెలుసు. కైలాసగిరి మీది వాతావరణశాఖ రాడార్ కూడా ఆ గాలికి దెబ్బతింది.

1977 నవంబరు 19న దివిసీమలో తుపాను ఉప్పెనకు సుమారు పదివేల మంది చనిపోయారు. హుద్‌హుద్‌లో మన రాష్ట్రంలో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. రెండు తుపాన్ల ఉప్పెన ఒక్కలాంటిది కాదు, తరలింపు చేసిన సిబ్బంది కష్టాన్నీ తక్కువ చేయలేం. కానీ ఏ తీరాన్ని, ఏ రోజుకు ఖాళీ చేయించాలో తెలియకపోతే వాళ్లు మాత్రం ఏం చేయగలరు? సాయంత్రం ఉరుముల వాన ఏ వీధిలో పడుతుందో ఇప్పటికీ ముందు రోజే చెప్పలేరు. చెప్పలేమనే వాళ్లూ అంటారు.

"రోజుకో మాట మార్చేదాన్ని ఎలా నమ్మాలి?" ఇది చాలామందికి నచ్చిన వాదన. ఒకప్పుడు కడుపులో పుండు కారం వల్ల, టెన్షన్ వల్ల అనేవారు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు చాలా అల్సర్లకు ఒక బాక్టీరియా కారణమన్నారు. తోటి డాక్టర్లు నమ్మలేదు. మార్షల్ 1984లో ఆ క్రిముల ద్రావణాన్ని తానే తాగి, జబ్బు తెచ్చుకుని చూపించాడు. తర్వాత ఇతరుల పరీక్షల్లోనూ అదే తేలింది. ఏళ్ల తరబడి బాధపడినవాళ్లకు ఇప్పుడు కొద్దివారాల యాంటీబయాటిక్ కోర్సుతో నయమవుతోంది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. మాట మారింది, ఆ మార్పు వల్లే మన మేనమామలకూ పెద్దమ్మలకూ కడుపుమంట తగ్గింది. దీన్ని లోపం కింద లెక్కకట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

శాస్త్రవేత్తలే కొత్త పూజారులు, ప్రశ్నిస్తే వెలివేస్తారు అన్నదానికీ జవాబు ఇందులోనే ఉంది. అందరూ నమ్మినదాన్ని కాదన్న మనిషిని మొదట నమ్మకపోయినా చివరికి నెత్తిన పెట్టుకున్నారు కదా. శాస్త్రవేత్తల్లో మొండివాళ్లు, అసూయపరులు లేరని నేననను. వాళ్ల మొండితనాన్ని కూడా సాక్ష్యం ఓడించగలదన్నదే నా ధీమా.

ఇక మనవాళ్లకు బాగా ఇష్టమైన వాదన: "ఇస్రోవాళ్లే రాకెట్ నమూనా పట్టుకుని తిరుమల వెళతారు!" వెళతారు. వెళ్లనివ్వండి. కానీ దర్శనమైంది కదా అని కౌంట్‌డౌన్‌లో ఒక్క తనిఖీ కూడా వదిలేయరు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. లోపాలు వెతికారు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, అర కిలోమీటరు చదరంగా పెట్టుకున్న దిగే చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ క్షేమంగా దిగింది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర ప్రయోగశాలలు స్థాపించిన స్వామి జ్ఞానానంద అయితే ఏకంగా సన్యాసి. యోగసాధన చేసి, ఆ తర్వాత ప్రేగ్ వెళ్లి ఎక్స్ కిరణాల మీద పరిశోధించి డాక్టరేట్ తీసుకున్నారు. ఒంటి మీద కాషాయం ఉంది కదా అని ఆయన కొలతలను ఎవరూ గుడ్డిగా ఒప్పుకోలేదు, ఆ కారణంగా తోసిపుచ్చనూ లేదు. కొలత సరిగా ఉందా అనే చూశారు. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

"కంపెనీలకు అమ్ముడుపోయిన సైన్సు" అన్న మాట దగ్గర మాత్రం నేను ఆగి ఆలోచిస్తాను, ఎందుకంటే మన ఊరి గాయం అందులో ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చి 12 మంది ప్రాణాలు తీసింది. ఆ కోపం న్యాయమైనది. కానీ స్టైరీన్ వేడెక్కితే దానంతటదే గడ్డకడుతూ ఇంకా వేడి పుట్టిస్తుందని, దాన్ని ఆపడానికి నిరోధకం కలపాలని, చల్లగా ఉంచాలని రసాయనశాస్త్రం ఎప్పుడో చెప్పింది. ఆ జాగ్రత్తలు సరిగా తీసుకోలేదని ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చింది. యాజమాన్యం నిర్లక్ష్యాన్ని మనం పట్టుకోగలిగింది ఆ శాస్త్రం చేతిలో ఉండబట్టే. డబ్బుకు ఆశపడి తప్పుడు నివేదిక రాసేవాళ్లు ఉంటారు. వాళ్లను నిలదీయడానికీ మళ్లీ కొలతే కావాలి.

"ప్రకృతి నియమాలు రేపు కూడా ఇలాగే ఉంటాయన్నదీ నమ్మకమేగా?" అని కొందరు లోతుగా అడుగుతారు. దాన్ని ఎవరూ రుజువు చేయలేరు, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ మెసేజి రాసిన మనిషి కూడా రేపు అన్నం ఆకలి తీరుస్తుందనే బియ్యం కొంటున్నాడు. అందరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని సైన్సు ఒక్కదాని బలహీనతగా ఎలా చూపిస్తారు?

మిగిలింది ఆఖరి వాక్యం, "ఎవరి నమ్మకం వాళ్లది." గుడికి, మసీదుకు, చర్చికి సంబంధించి ఇది చాలా మంచి మాట. కుక్క కరిచిన పిల్లాడి విషయంలో మాత్రం ఈ మాట ప్రాణం తీస్తుంది. పసరు కట్టించి, మంత్రం వేయించి ఊరుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. అంతకు ముందే టీకా వేస్తే ఆపవచ్చని 1885లో పాశ్చర్ చూపించినప్పటి నుంచి లెక్కలేనన్ని ప్రాణాలు నిలిచాయి. ఆ మెసేజి మీ గ్రూపులోకి వస్తే దాని కింద ఇది కూడా పెట్టండి: కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడగండి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, డాక్టరు చెప్పిన డోసులన్నీ వేయించండి.