‘పాలు పడేదాకా తేనె, డబ్బా పాలు’: ఈ మెసేజ్‌ను నమ్మకండి

వాట్సాప్‌లో బాలింతల ఇళ్లకు చేరుతున్న మెసేజ్ సారాంశం ఇది: ‘సిజేరియన్ అయితే మూడు రోజులు పాలు పడవు. అప్పటిదాకా తేనె నాకించి డబ్బా పాలు పట్టండి. ఎండాకాలమైతే నీళ్లు తాగించండి. బిడ్డ ఏడుస్తోందంటే పాలు చాలట్లేదు.’

‘మూడు రోజులు పాలు పడవు.’ తెల్లపాలు ధారగా రావడానికి రెండు మూడు రోజులు పట్టే మాట నిజమే, సిజేరియన్‌లో ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అలాగని రొమ్ము ఖాళీగా ఉండదు. కాన్పు నాటికే ముర్రుపాలు ఉంటాయి. చిక్కగా, పసుపుగా చెంచాడే వస్తాయి కాబట్టి చూసినవాళ్లు పెదవి విరుస్తారు. తొలిరోజు బిడ్డకు విడతకు కావాల్సిందీ ఆ చెంచాడే, ఐదారు మిల్లీలీటర్లు. రోగాలను అడ్డుకునే యాంటీబాడీలు ముర్రుపాలలోనే ఎక్కువ. ఆ తర్వాత పాలు ఎంత ఊరతాయన్నది రొమ్ము ఎంత ఖాళీ అయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ గంటల తరబడి నిద్రపోతుంది, రొమ్ము పట్టదు. నాలుగోరోజుకు పాలు నిజంగానే తగ్గుతాయి. మెసేజ్ చెప్పిన జోస్యాన్ని మెసేజే నిజం చేస్తుందన్నమాట! వెన్నుకు మత్తు ఇచ్చిన సిజేరియన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది, తొలి గంటలోనే పాలు పట్టించవచ్చు. పక్కకు తిరిగి పడుకుంటే కుట్ల మీద బరువు పడదు. రాత్రిళ్లతో కలిపి రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి.

‘తేనె.’ ఏడాది నిండేదాకా వద్దే వద్దు. అందులో ఉండగల బొట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం చిమ్మితే కండరాలు చచ్చుబడతాయి. తేనెను మరిగించినా ఆ బీజాలు చావవు.

‘ఎండాకాలం నీళ్లు.’ తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్లే. ఆరు నెలల దాకా విడిగా అక్కర్లేదు. నీళ్లు తాగాల్సింది తల్లి. పథ్యం పేరుతో ఆమెకే తగ్గిస్తారు!

‘ఏడిస్తే చాలట్లేదు.’ ఏడుపుకు సవాలక్ష కారణాలు. చూడాల్సింది తడిగుడ్డలు, బరువు. ఐదోరోజు నుంచి 24 గంటల్లో కనీసం ఆరుసార్లు ఉచ్చ పోయాలి. నల్లటి విరేచనం పసుపురంగులోకి మారాలి. తొలిరోజుల్లో కొంత బరువు తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. రాకపోతే ముందు బిడ్డ రొమ్ము పట్టిన తీరు చూడండి. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే అది పగులుతుంది, పాలూ సరిగా రావు. నోరు బార్లా తెరిచి, గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి మడతపడి ఉండాలి. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం కిందికన్నా పైన ఎక్కువ కనపడాలి. నొప్పిగా ఉంటే లాగేయకండి. చిటికెనవేలు నోటి మూలలోంచి పోనిచ్చి విడిపించి మళ్లీ పట్టించండి. రొమ్ములు గట్టిపడితే వలయం నోటికి అందదు, కాసిని పాలు పిండి మెత్తబడ్డాక పట్టించాలి.

పైపాలు నిజంగా అవసరమయ్యే బిడ్డలూ ఉంటారు: నెలలు నిండనివాళ్లు, రక్తంలో చక్కెర పడిపోయినవాళ్లు, పదిశాతం మించి బరువు తగ్గినవాళ్లు, లేపినా తాగకుండా మగతగా ఉండేవాళ్లు. అది డాక్టర్ తేల్చాలి. అప్పుడూ ముందు తల్లి పిండిన పాలు, తర్వాత మిల్క్ బ్యాంకు పాలు (వేరే తల్లులు దానం చేసినవి), అవీ దొరక్కపోతేనే ఫార్ములా, అంటే డబ్బా పాలు. డబ్బా మీది కొలత తప్పకూడదు. పొడి ఆదా చేద్దామని పలచన చేస్తే బిడ్డ బరువు పెరగదు. సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టండి. పైపాలు పట్టిన ప్రతిసారీ తల్లి రెండువైపులా పిండితేనే పాలు ఊరడం తగ్గకుండా ఉంటుంది.