అలారం అమెరికాలో మోగితే ఇక్కడ పక్క ఎవరు మారుస్తారు?

ఇందాకే అపార్ట్‌మెంట్ గ్రూపులో ఓ ఫార్వర్డ్. "స్మార్ట్ బెడ్ సెన్సర్ వేయండి, అమ్మానాన్నల బెంగ వదిలేయండి" అట. కింద వరసగా దండాలు. పక్క తడిస్తే యాప్‌లో మెసేజ్ వస్తుందట. ఎవరి యాప్‌లో బాబూ? డల్లాస్‌లో మీటింగ్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో! బెజవాడ మొగల్రాజపురంలో వంటింట్లో ఉన్న ఆయాకి లాగిన్ ఇవ్వరు. వైఫై పాస్‌వర్డ్ కూడా ఇవ్వరు, రీల్స్ చూస్తుందని. ఆమె ఉన్నచోట మోగే బ్యాటరీ బెల్లు పెట్టండి ముందు. కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది, దానికో చిన్న యూపీఎస్ తగిలించండి. ఇలాంటి సెన్సర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే ఎక్కుతాయి. రౌటర్‌లో ఉండే రెండో బ్యాండు, 5 గిగాహెర్ట్జ్‌కి కలిపి "పనిచేయట్లేదండీ" అనకండి.

ఈ సెన్సరంటే పక్క మీద పరిచే ఓ ప్యాడ్. ఆ ప్యాడ్‌లో బ్రహ్మవిద్యేం లేదు. రెండు వరసల లోహపు దారాలు. మూత్రంలో ఉప్పులుంటాయి కాబట్టి తడి తగలగానే కరెంటు దాటుతుంది, మోగుతుంది. చెమటలోనూ ఉప్పే కదా! బెజవాడ మే నెలలో ఏసీ లేని గదిలో ఊరికే మోగి మోగి, చివరికి విసుగొచ్చి ఎవరో పీకేస్తారు. ఉతికాక సబ్బు మిగిలినా అంతే. మంచినీళ్లలో బాగా జాడించి, పూర్తిగా ఆరాకే అలారం వైరు క్లిప్పు పెట్టాలి. క్లిప్పు బొత్తానికి పచ్చగా చిలుము పట్టిందా, ఇక తడిసినా మోగదు.

కింద రబ్బరు షీటు, దాని మీద నడుము కిందకొచ్చేలా ప్యాడ్, పైన ఒక్కటే పల్చటి కాటన్ దుప్పటి. అంతే. ప్యాడ్ మీద రబ్బరు షీటు పరిచే మహానుభావులున్నారు! ఇంకో తమాషా, డైపర్ వేసి కింద ప్యాడ్ పెడతారు. డైపర్ నిండి కారాక మోగుతుంది. అప్పటికి యూరియా అమ్మోనియాగా మారి చర్మం ఒరుసుకుపోవడం మొదలవుతుంది. విరేచనమైతే తడి ప్యాడ్‌కి తెలియకపోవచ్చు. దానికి వాసన సెన్సరట, ఎంక్యూ-135. సాంబ్రాణి పొగకీ అదే కూత, పోపు ఘాటుకీ అదే కూత.

మోగాక పనెవరిది? గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, జింక్ క్రీము పల్చగా రాయాలి. దట్టంగా పూస్తే డైపర్ పీల్చదు. ఇది ఏ యాప్ చేస్తుంది?

అసలు చాలామంది పక్క తడిపేది ఆపుకోలేక కాదు, బాత్రూముకి చేరలేక. దీనికి బిల్డర్లని అనాలి. గుమ్మంలో శంఖచక్రాలు, లిఫ్టులో అద్దాలు, బాత్రూము తలుపు మాత్రం రెండుంబావు అడుగులు! చట్రం పోగా 24 అంగుళాలు మిగలడమే గగనం, మామూలు వీల్‌చైరు 25, 26 ఉంటుంది. గడప ఎత్తు వేరే. పట్టుకోడానికి గోడకి కడ్డీ ఏదయ్యా అంటే "తర్వాత పెట్టించుకోండి సార్" అంటారు. టైల్స్ పగలగొట్టి!


ఆ ఫార్వర్డ్ పెట్టినాయన కూడా బిల్డరే.