సర్వీసు క్లాసు వేసే చాటింపు

ఒకప్పుడు మా ప్రోగ్రాములో ఆర్డర్ల పని చూసే కోడు ముక్కకు, అంటే ఆర్డరు సర్వీసు క్లాసుకు, గుట్టు అనేది ఉండేది కాదు. ఆర్డరును డేటాబేసులో దాచి, మెయిలు పంపే క్లాసును, సరుకు లెక్క తగ్గించే క్లాసును పేరుపెట్టి పిలిచి పని చెప్పేది. పుట్టేటప్పుడు తనకెవరెవరు కావాలో అది చెప్పుకునే కన్‌స్ట్రక్టరు చూస్తే చాలు, దాని చుట్టాలెవరో తెలిసిపోయేది. చుట్టరికాలను అంత పచ్చిగా బయటపెట్టుకోవడం మర్యాద కాదని పెద్దలు తేల్చారు కనుక, ఇప్పుడది స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ ఇచ్చిన అప్లికేషన్ ఈవెంట్ పబ్లిషరునొక్కదాన్నే చేతపట్టుకొని, పబ్లిష్‌ఈవెంట్ అని ఒక్క వరుస రాసి, "ఆర్డరు వచ్చిందహో" అని చాటింపు వేస్తుంది. 2015లో వచ్చిన స్ప్రింగ్ 4.2 వెర్షను నుంచి ఈవెంటు, అంటే చాటే కబురు, అప్లికేషన్‌ఈవెంట్ అనే క్లాసు వంశంలో పుట్టాలన్న పట్టింపు కూడా పోయింది. వినేవారు, అంటే లిజనర్లు, ఎవరో అక్కరలేదు. ఫలాపేక్ష లేని కర్మ అంటే ఇదే.

ఈ వైరాగ్యంలో ఒక మెలిక ఉంది. చాటింపు వేసినవాడు డప్పు చంకన పెట్టుకొని తన దారిన పోతాడనుకుంటాం. ఇక్కడ మాత్రం, ఎవరి పని వారు వేరుగా చేసుకునే అసింక్ ఏర్పాటు విడిగా చేయకపోతే, లిజనర్లందరూ అదే థ్రెడ్‌లో, అంటే అదే పనివరుసలో, ఒకరి తర్వాత ఒకరు పని ముగించేదాకా వాడు అక్కడే నిలబడాలి, వారిలో ఎవరు పని చెడిందంటూ ఎక్సెప్షన్ విసిరినా అది వాడి నెత్తినే పడుతుంది. మా దగ్గర ఒక రాత్రి మెయిలు టెంప్లేటు పేరులో ఒక్క అక్షరం తప్పుపడింది. లిజనరు ఎక్సెప్షన్ విసిరింది, ఉంటే అన్నీ ఉండాలి, పోతే అన్నీ పోవాలనే డేటాబేసు పనుల మూట, అంటే ట్రాన్సాక్షను, మొత్తం రోల్‌బ్యాక్ అయి వెనక్కి మళ్లింది, ఆర్డరు పోయింది. ధన్యవాదాలు చెప్పడం కుదరలేదని కొనుగోలునే రద్దుచేసిన మర్యాద మరెక్కడా చూడబోము.

బుద్ధి తెచ్చుకొని, ట్రాన్సాక్షను కమిట్ అయ్యాకే, అంటే డేటాబేసులో ఖాయమయ్యాకే, వినే ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనరును పెట్టాం. ఇది మడి గల మనిషి. ట్రాన్సాక్షను నడవని చోట చాటింపు వేస్తే, ట్రాన్సాక్షను లేకున్నా వినమని, ఫాల్‌బ్యాక్ ఎగ్జిక్యూషన్ ట్రూ అని ముందే బతిమాలుకుని ఉంటే తప్ప, చెవిన వేసుకోదు. చిన్న చిన్న వివరాలు కూడా రాసే డీబగ్ స్థాయికి దిగితే గాని లాగులో, అంటే ప్రోగ్రాము రాసుకునే చిట్టాలో, జాడ కూడా దొరకదు. రాత్రి నడిచే బ్యాచ్ జాబు వేసిన చాటింపులన్నీ ఇలాగే గాలిలో కలిసిపోయాయని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మొన్న కొత్తగా చేరిన అమ్మాయి "ఈ ఈవెంటు ఎవరు వింటారండీ?" అని అడిగింది. అమాయకమైన ప్రశ్నే. ప్రాజెక్టంతా గాలిస్తే ఐదుగురు లిజనర్లు తేలారు. వారిలో ఒకరు విన్నది విన్నట్టే మరో ఈవెంటుగా చాటుతున్నారు, దాన్ని మాత్రం ఎవరూ వినడం లేదు. తీసేద్దామా అని ఆమె అడిగితే, ఎవరూ వినడం లేదని పూర్తిగా రుజువయ్యేదాకా ఉంచాలని సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించి, ఆ తీర్మానాన్ని కూడా అందరికీ మెయిలులో ప్రకటించాం.