డ్రా ఎనుక పంచాయితి

(హన్మకొండల ఒక ఇంటి పడకగది. గోడకు ఆనిచ్చిన ప్లైవుడ్ షీట్లు, నేల మీద రంపపుపొట్టు. కొత్త వార్డ్‌రోబు సగం లేచింది. అందుల నగలు దాచనీకె ఒక రహస్యపు అర చేపియ్యాల్నని ఆలుమగల ఆలోచన. వడ్లాయన అన్నానికి పోయిండు. కరెంటాఫీసుల చేసి రిటైరైన కొమురయ్య చేతిల ఫోను, ఆయన భార్య సరోజన చేతిల కొలత టేపు. ఎవలి చేతిల ఏమున్నదో చూస్తే ఈ ఇంటి సంగతి సగం తెలిసినట్టే.)

కొమురయ్య: ఇగో చూడు సరోజనా! కార్డు చూపెడితే తెరుచుకునే తాళం. బయట కంత లేదు, పిడి లేదు. తలుపుకు లోపటి దిక్కు బిగిస్తరు, బయట నుంచి కార్డు ఆనిస్తే చాలు.

సరోజన: ఆనిస్తే ఏమైతది?

కొమురయ్య: కీక్ అని ఒక్క కూత పెట్టి తెరుచుకుంటది.

సరోజన: రహస్యపు అరకు కూత పెట్టే తాళమా? ముందటి గదిల మీ చెల్లె కూసున్నప్పుడు నేను గొలుసు తీద్దామని పోతే, 'వదినె ఈడ దాచింది' అని అదే చాటింపు వేస్తదన్నట్టు.

కొమురయ్య: కూతదేమున్నది? లోపట చిన్న బజర్ ఉంటది. దాని వైరు కత్తిరిస్తే నోరు మూస్తది.

సరోజన: సెల్లు అయిపోవస్తున్నయని చెప్పేది గా కూతతోనే గద? నోరు కుట్టేసినంక ఏ సైగ చేస్తది నీకు?

కొమురయ్య: అయిపోకముందే మారుస్తం. నాలుగు పెన్సిల్ సెల్లు. ఏడాదికొకసారి.

సరోజన: గోడ గడియారంకు సెల్లు వెయ్యుమని దసరా నుంచి చెప్తున్న. ఇంక పదీ ఇరవై కాడనే ఉన్నది.

(కొమురయ్య గడియారం దిక్కు చూడడు.)

సరోజన: ఇంకొకటి. సెల్లు సచ్చినంక గా తాళం తెరుచుకొని ఉంటదా, మూసుకొని ఉంటదా?

కొమురయ్య: మూసుకొనే ఉంటది. అట్లుంటేనే గద తాళమంటరు.

సరోజన: సెల్లేమో లోపట, తలుపేమో మూత. సద్దుల బతుకమ్మ నాడు పొద్దూకంగ, పద్మాక్షి గుట్టకు పోయేటోళ్లంత వాకిట్ల నిలబడ్డంక, నువ్వు స్క్రూడ్రైవర్ పట్టుకొని కొత్త కప్‌బోర్డు పలగ్గొట్టుకుంట కూసుంటవ్.

కొమురయ్య: అందుకే కొన్నిటికి బయట నుంచి కరెంటిచ్చే చిన్న పిన్ను ఉంటది. ఫోన్ చార్జర్ లెక్క.

సరోజన: గా పిన్ను కనపడకుండ పెట్టనీకె మళ్ల ఇంకొక రహస్యపు అర చేపిద్దామా?

కొమురయ్య: పిన్ను వైరును కప్‌బోర్డు కింది అంచుల దాచిపెడ్తరే. నీకు ప్రతిదానికి ఒక అడ్డపుల్ల.

సరోజన: అడ్డపుల్ల కాదు, అడ్డం ఇనుము. నీ కార్డు చెక్కలకెళ్లి పనిచేస్తది గని, మధ్యల అల్యూమినియం పట్టీ వచ్చినా, స్టీలు రేకు వచ్చినా గుడ్డిదైతది. ఆ తలుపుకు అంచు పట్టీ అల్యూమినియందే కావాల్నని నువ్వే పట్టుబట్టినవ్.

(కొమురయ్య ఫోనుల పేజీ మారుస్తడు. ఓడిపోయిన మాట ఒప్పుకోవుడు ఆయనకు అలవాటు లేదు.)

కొమురయ్య: సరే, కరెంటే వద్దు. అయస్కాంతపు తాళం తీస్కుందాం. పిల్లలు కప్‌బోర్డులు గుంజకుండ పెడ్తరు చూడు, అది. లోపట స్ప్రింగు కొక్కెం. బయట నుంచి అయస్కాంతం ఆనిస్తే లోపటి ముక్కను గుంజుతది, కొక్కెం పక్కకు జరుగుతది. సెల్లు లేదు, కూత లేదు.

సరోజన: గిది కొంచెం మనుషుల తాళం. ప్లై ఎంత మందం పెడ్తున్నవ్?

కొమురయ్య: 18 ఎంఎం. తగ్గేదే లేదు.

సరోజన: అటు మైకా 1, ఇటు మైకా 1. మొత్తం 20. డబ్బ మీద ఎంత రాసినా, అయస్కాంతం గుంజుడు దూరం పెరిగినకొద్ది దబదబ పడిపోతది. 20 దాటినంక కొన్ని అందుకుంటయ్, కొన్ని అందుకోవు. ముందట పలక ఒక్కటి 12 ఎంఎంది పెట్టు, మైకాతోని కలిపి 14 అయితది. మీద బరువు పడే పలక కాదు గద.

కొమురయ్య: అందుకుంటదో లేదో బిగిచ్చినంక చూస్తే తెలుస్తది.

సరోజన: బిగిచ్చినంక చూసేటోడు తలుపు మూసినంక ఏడుస్తడు! ముందే చూడాలె. ఆ కోత ముక్క తే. అటు తాళం, ఇటు అయస్కాంతం, నడుమ ముక్క. మెల్లగ జరుపుకుంట పోవాలె. 'టక్' అని వినపడ్డ కాడ పెన్సిల్‌తోని గీత. అట్ల నాలుగు దిక్కుల నుంచి జరిపితే నాలుగు గీతలు వస్తయి, నడిమిట్లదే అసలు చోటు. ఒక ఇంచు పక్కకు పోయినా కొక్కెం కదలదు.

కొమురయ్య: అంటించేటందుకు డబుల్ టేపు వాళ్లే ఇస్తరు.

సరోజన: వరంగల్ మే నెలల టేపు మీద నమ్మకమా? రెండు ఎండాకాలాలు పోతే జిగురు మెత్తగై తాళం కిందికి జారుతది. జారినంక అయస్కాంతం పెట్టే చోటు మారుతది. ఇగ నువ్వు తలుపు మీద అయస్కాంతం తిప్పుకుంట డాక్టరు లెక్క వెతుకుతవ్. టేపు నిలబెట్టనీకె మాత్రమే. మొత్తం బరువు స్క్రూల మీద ఉండాలె.

కొమురయ్య: ఇంచు స్క్రూలు ఇంట్లనే ఉన్నయ్.

సరోజన: ఇంచంటే 25 ఎంఎం. పలక 14. మొన తలుపు ముందటికొచ్చి నమస్తే పెడ్తది! అర ఇంచు స్క్రూలు తే. అవి కూడ తాళం ప్లాస్టిక్ మందం పోను పది లోపే దిగాలె.

(సరోజన టేపు కొసను ప్లై అంచుకు తగిలిచ్చి, బొటనవేలుతోని నొక్కి, కళ్లు చిన్నగ చేసి చూస్తది. టేపు కొసన ఉండే ఇనుప ముక్క కొద్దిగ కదులుతది. అది పాడైందని కొమురయ్య ఒకసారి సుత్తెతోని కొట్టి బిగిచ్చిండు. ఆ ముక్క తన మందమంత కదలాలె, లోపట ఆనిస్తే ఒక తీరు, బయట తగిలిస్తే ఒక తీరు కొలత సరిపోవాలె గనుక. అందుకే ఈ టేపు సరోజన కొత్తగ కొనుక్కున్నది.)

కొమురయ్య: మొత్తానికి అయస్కాంతం తాళం ఖాయం. దాని తాళంచెవిని ఫ్రిజ్ మీద తగిలిస్తం. మంచిగ అంటుకుంటది.

సరోజన: ఇంటికొచ్చినోళ్లందరు 'ఏందిది' అని పట్టుకొని చూస్తరు. ఇగో రహస్యం, ముట్టుకోండ్రి అని బోర్డు కూడ పెట్టు.

కొమురయ్య: అయితే అవ్వకిద్దాం. ఇంట్ల తాళంచెవులన్నీ అవ్వ దగ్గరనే ఉంటయి గద.

సరోజన: అత్తమ్మ తాళంచెవులు యాడ పెట్టుకుంటది?

కొమురయ్య: రైకెల.

సరోజన: అత్తమ్మకు గుండెల మిషన్ యాడ పెట్టిండ్రు?

(కొమురయ్య నోరు తెరిచి మూస్తడు.)

సరోజన: పేస్‌మేకర్‌కు గట్టి అయస్కాంతం కనీసం ఆరించుల దూరం ఉండాలె. దగ్గరికొస్తే మిషన్ తీరు మారిపోతది. నీ తాళం తెరిచేటందుకు మా అత్తమ్మ గుండె తాళం తప్పాల్నా?

కొమురయ్య: అయ్యో, గది నాకు యాదికి రాలే. నీకు అవ్వ మీద ఇంత ప్రేమున్నదని కూడ తెల్వకపాయె.

సరోజన: ప్రేమ సంగతి మళ్ల మాట్లాడుకుందాం. తాళం మాత్రం అయస్కాంతంది వద్దు. దొంగోడైనా పాత స్పీకర్ల నుంచి ఇంత అయస్కాంతం ఊడబీకి తెచ్చి పలక మీద తిప్పితే తెరుచుకుంటది. గివన్నీ కనపడకుండ ఉండే తాళాలే గని గట్టి తాళాలు కావు.

కొమురయ్య: గట్టిది కావాల్నంటే బ్యాంకు లాకరున్నది.

సరోజన: బరువు నగలు ఆడనే ఉంటయి. 2022 జనవరి 1 నుంచి వచ్చిన రిజర్వ్ బ్యాంకు రూల్ ప్రకారం, లాకరుల దొంగలు పడ్డా, అగ్గి అంటుకున్నా బ్యాంకు ఇచ్చేది ఎక్కువల ఎక్కువ ఏడాది కిరాయికి వంద రెట్లే. అయినా ఇంటి కంటె నయమే. ఇంట్ల పెట్టేది పండుగలకు ఏసుకునే గొలుసు, రెండు జతల గాజులు, వెండి పట్టగొలుసులు, పట్టాదారు పాసుబుక్కు. అంతే.

కొమురయ్య: అయితే నడిమి అరకు ఎనుక దొంగ పలక కొట్టిద్దాం. ఐదించులు ముందుకు.

సరోజన: పై అరల చెయ్యి మోచెయ్యి దాటి పోతది, నడిమి అరల మణికట్టు కాడనే ఆగుతది. చీరెలు మడతపెట్టే ఏ ఆడమనిషికైనా ఒక్క క్షణంల దొరుకుతది. పలక తట్టి చూస్తే డోలు మోత వేరే. ఇటు రా, కింది డ్రా చూడు. కప్‌బోర్డు బయటి లోతెంత?

కొమురయ్య: 24 ఇంచులు.

సరోజన: ముందట తలుపు ముప్పావు ఇంచు, ఎనుక పలక పావు ఇంచు. మిగిలింది 23. డ్రాలకు టెలిస్కోపిక్ చానళ్లు 18, 20, 22 ఇంచులని రెండేసి ఇంచుల తేడాతోని వస్తయి. కింది డ్రాలకు 18 వేస్తే ఎనుక ఐదించులు ఖాళీ. ఏ ఇంట్లనైనా డ్రా ఎనుక ఇంత జాగ ఊరికెనే ఉంటది, ఎవలూ అనుమానపడరు. ముందట అరించు పలక పోయినా నాలుగించుల పైన అర నీకు.

కొమురయ్య: (ఒప్పుకుంటున్నట్టు కనపడకుండ) దానికి తాళం?

సరోజన: మూడించుల ఇత్తడి గడె.

కొమురయ్య: నేను ఫోనుల ఇంత వెతికితే నువ్వు గడె అంటవా? బాత్రూం తలుపుకు పెట్టే గడెనా!

సరోజన: సెల్లు అడగదు, గుండె ఆపదు. ఇను. పలక కింది అంచుకు 8 ఎంఎం కొయ్య మేకులు రెండు, అవి నేల పలక కంతలల్ల కూసుంటయి. అంటే కింద బందుగనే ఉంటది, పైన ఒక్క కాడ ఆపితే చాలు. పలక ఎనుక దిక్కు గడె అడ్డంగ, పక్క గోడ కంతల దిగేటట్టు. అరకు మీద ప్లై పట్టీ మూత, దానికి ఒకటిన్నర ఇంచు కంత. పైనున్న రెండో డ్రా బయటికి తీస్తే గా కంత అందుతది. ఏలు పెట్టి గడె జరుపు. మళ్ల కింది డ్రా తీసి, పలకను నీ దిక్కు వంచి పైకి లేపు. అయిపాయె.

కొమురయ్య: డ్రాలు తీసుడంటే నాతోని కాదు. పోయినసారి గుంజితే చానలే ఊడొచ్చింది.

సరోజన: రెండు దిక్కుల నల్ల ప్లాస్టిక్ నాలుకలుంటయి. ఒక దిక్కుది పైకి, ఇంకో దిక్కుది కిందికి, రెండూ ఒక్కసారే నొక్కాలె. నువ్వు రెండూ కిందికే నొక్కి ఎద్దు లెక్క గుంజినవ్. మళ్ల పెట్టేటప్పుడు చానల్ల గుండ్ల పట్టీని ముందటికి జరిపి పెట్టాలె, లేకపోతే గుండ్లు రాలుతయి.

కొమురయ్య: గడె కంత సరిగ్గ గడెంతనే కొట్టియ్యాలె. వదులుగ ఉంటే చప్పుడు చేస్తది.

సరోజన: సరిగ్గ కొడితే వానకాలం ప్లై ఉబ్బినప్పుడు పట్టేస్తది. గడె కంటె 2 ఎంఎం పెద్దది కొట్టియ్యి. పలక చుట్టూ కూడ 2 ఎంఎం సందు. ప్లై 710 నంబరుది, వాటర్‌ప్రూఫ్. మామూలు 303 ది వద్దు, ఎనుక గోడకు అటు బాత్రూమే. పాసుబుక్కు జిప్ కవర్ల పెట్టి చెమ్మ గుంజే గోలీల ప్యాకెట్ రెండేద్దాం. పట్టగొలుసులకు మాత్రం రబ్బరు బ్యాండు చుట్టకు. రబ్బరుల గంధకానికి వెండి నల్లబడ్తది.

కొమురయ్య: అంత మంచిగనే ఉన్నది. ఇప్పుడు అసలు సంగతి. వడ్లాయనకు ఏమని చెప్తం? ఆయన ఇంకో పది ఇండ్లల్ల పని చేస్తడు.

సరోజన: (మొదటిసారి ఆగుతది) ...గది నిజమే.

కొమురయ్య: (గెలిచినంత సంబరంగ) బాత్రూం పైపుకు మూత అని చెప్తా! రిపేరు కోసం ఊడదీసేటట్టు పెట్టుమంటే, ఇంకొక మాట అడగకుండ పెడ్తడు.

సరోజన: రేపు పైపు కారితే ప్లంబరుకు వడ్లాయన ఏం చెప్తడు? 'ముందుగాల గా మూత తియ్యి' అంటడు.

కొమురయ్య: అయితే వైరింగు డబ్బ కోసమని చెప్తం.

సరోజన: వైరింగు చూడనీకె కరెంటోడు రాడా?

కొమురయ్య: నేనుండంగ వేరే కరెంటోడెందుకొస్తడే?

సరోజన: నువ్వు రిపేరు చేసినంక ఎప్పుడైనా ఒక్కడు రాకుండ ఉన్నడా?