సవరణ: 570 పదాలు కాదు, 570 పద కుటుంబాలు

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రాయబోయే మన తిరుపతి పిల్లల కోసం పోయిన వారం పెట్టిన పోస్టులో, యూనివర్సిటీ పుస్తకాల్లో తరచూ వచ్చే ఇంగ్లిష్ పదాల జాబితా గురించి చెబుతూ, ‘అకడమిక్ వర్డ్ లిస్టులోని 570 పదాలు కంఠతా పట్టేస్తే చాలు’ అన్నాను. అది తప్పు. ఎస్వీ యూనివర్సిటీలో చదివే ఒకమ్మాయి అడిగాక మళ్లీ సరిచూసుకున్నాను.

భాషా పరిశోధకురాలు ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన ఆ జాబితాలో ఉన్నవి 570 పద కుటుంబాలు. ‘ఎనలైజ్’ అని ఒక్క పద్దే కనిపిస్తుంది గానీ ఎనాలిసిస్, ఎనలిస్ట్, ఎనలిటికల్ అన్నీ దాని కిందికే వస్తాయి. క్రియ ఒక్కటే నేర్చుకుని, నామవాచకం రావాల్సిన చోట కూడా దాన్నే పెడితే వాక్యం దెబ్బతింటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి అప్పుడు చెప్పనే లేదు. మామూలు వాడుకలోని సుమారు 2000 పద కుటుంబాలను పక్కన పెట్టాకే ఆ జాబితా తయారైంది. ఆ పునాది లేకుండా దీంతో మొదలుపెట్టొద్దు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు ఈ మాట మరీ మరీ చెబుతున్నా.

జాబితాలో పది భాగాలున్నాయి. మొదటి భాగంలోని 60 కుటుంబాలే ఎక్కువ తగులుతాయి. రోజుకు ఐదు తీసుకుని, ఒక్కోదానితో సొంత వాక్యం రాయండి. పాత పోస్టు ప్రింటు తీసుకున్నవాళ్లు ‘చాలు’ అన్న ఆ వాక్యం కొట్టేయండి.