టీవీ కట్టేశాక మొదలయ్యే పాఠం

మొన్న రాత్రి ఒక గాజు గ్లాసు వంటింటి గట్టు మీద, మరొకటి ఫ్రిజ్‌లో పెట్టాం. రెండింట్లోనూ సగం దాకా ఇడ్లీ పిండి, ఎంతవరకు ఉందో గుర్తుగా చుట్టూ రబ్బరు బ్యాండు. తెల్లారేసరికి గట్టు మీది పిండి పొంగి అంచుదాకా వచ్చింది. ఫ్రిజ్‌లోది బ్యాండు దగ్గరే ఉంది. ఎనిమిదేళ్ల మా అబ్బాయి పళ్లు కూడా తోముకోకుండా స్కేలు పెట్టి కొలిచి రాసుకున్నాడు.

దీనంతటికీ మూలం ఒక కార్టూన్. ‘ది మ్యాజిక్ స్కూల్ బస్’ 1994 నుంచి 1997 దాకా అమెరికాలో పీబీఎస్ అనే టీవీ చానెల్లో వచ్చింది, మొత్తం 52 ఎపిసోడ్లు. ఒకదాంట్లో టీచరు, పిల్లలు బాగా చిన్నగా అయిపోయి బేకరీలో తిరుగుతారు. వంటసోడా పులుపుతో కలిస్తే గ్యాస్ పుడుతుందని, కేకు పొంగేది అందుకేనని తెలుసుకుంటారు. అది చూసి మావాడు, “మనం ఇడ్లీ పిండిలో సోడా వెయ్యం కదమ్మా, మరి అదెలా పొంగుతుంది?” అన్నాడు. మినప్పప్పుతో పాటు వచ్చే బ్యాక్టీరియా ఇక్కడ గ్యాస్ పుట్టిస్తుందని, దానికి వెచ్చదనం కావాలని నేను నోటితో చెప్పేయొచ్చు. చెప్పలేదు, గ్లాసులు తెచ్చాం.

ఇంటి దగ్గరే చదువు చెప్పుకునే కుటుంబాలకు టీవీ ఇవ్వగలిగింది ఇదే, ఒక మంచి ప్రశ్న. ఎపిసోడ్ అవగానే వర్క్‌షీట్ చేతికిచ్చి ఖాళీలు పూరించమంటే ఆ ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది. ఏ బడి వద్దనుకున్నామో అదే మళ్లీ హాల్లోకి వచ్చి కూర్చుంటుంది.

పిల్లలు టీవీ చూసేటప్పుడు పక్కన మనిషి ఉండాలన్న సంగతి 1969లో అమెరికాలో ‘సెసేమీ స్ట్రీట్’ అనే పిల్లల కార్యక్రమం మొదలుపెట్టినవాళ్లకు తెలుసు. పెద్దలూ కూర్చుని చూడాలనే పేరున్న నటులను, పెద్దవాళ్లకు నవ్వొచ్చే మాటలను కావాలని చేర్చారు. రెండేళ్ల పిల్లలకైతే తెర మీద చూసినదానికంటే ఎదురుగా ఉన్న మనిషి చేసి చూపించిందే బాగా ఎక్కుతుంది. ఇంటి పనిలో రోజూ పక్కన కూర్చోవడం కుదరదు, నాకూ తెలుసు. వారానికి ఒక్క ఎపిసోడైనా కూర్చోండి.

చూసిందే ఎన్నిసార్లు చూస్తావురా అని మాత్రం విసుక్కోకండి. 1996లో మొదలైన ‘బ్లూస్ క్లూస్’ చూసే పిల్లలను ప్రశ్నలడిగే కార్యక్రమం. నికలోడియన్ అనే పిల్లల చానెల్ అందులో ఒకే ఎపిసోడ్‌ను వరసగా ఐదు రోజులు వేసేది. రోజులు గడిచేకొద్దీ పిల్లలు తెరకేసి గట్టిగా జవాబులు చెప్పడం పెరిగింది. స్కూల్ బస్ కార్టూన్ చివర ఒక చిన్న భాగం ఉంటుంది, ప్రేక్షకులు ఫోన్ చేసి ‘ఇది నిజంగా ఇలా జరగదు కదా’ అని నిలదీసేది. మావాడు దాన్ని మూడోసారి చూసినప్పుడే పట్టించుకున్నాడు. ఇప్పుడు నేను ఏం చెప్పినా ‘చేసి చూద్దాం’ అంటున్నాడు. నాకు కావాల్సిందీ అదే.

ఉప్పు ముందే వేస్తే పిండి త్వరగా పులుస్తుందా, ఆలస్యంగానా అని నిన్నంతా వాదన. ఈ రాత్రికి గ్లాసులు మూడు.