గాడిదకు సున్నం

ఐదు రోజులు టాంజానియాలో సఫారీ తిరిగొచ్చాను. కాబట్టి ఆఫ్రికా ఖండం మీద సాధికారికంగా మాట్లాడే అర్హత నాకు దఖలు పడింది. ఆ ఖండంలో 54 దేశాలున్నాయని, నేను చూసింది ఒకదాని ఉత్తరపు మూల మాత్రమేనని మా తమ్ముడు అడ్డం తగిలాడు. వాడు ఊటీ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. వాడి మాట లెక్కలోకి రాదు.

ముందు పేరు సంగతి తేల్చాలి. స్వాహిలీలో సఫారీ అంటే ఉత్త ప్రయాణం. అరబ్బీ సఫర్ నుంచి పుట్టింది కనుక హైదరాబాదీలకు చుట్టమే. బస్సెక్కి అత్తారింటికి వెళ్లినా అక్కడివాళ్లకది సఫారీయే. ఖాకీ చొక్కా, మెడలో బైనాక్యులర్ ఉంటేనే సఫారీ అన్న నియమం వేటకొచ్చిన దొరలు పెట్టింది. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కొడుకుతో సహా తూర్పు ఆఫ్రికాలో దిగి, ఇద్దరూ కలిసి 512 జంతువులను కాల్చారు. మ్యూజియం కోసమన్నారు. నేనూ మూడు వేల ఫొటోలు కాల్చాను. ఎందుకోసమో ఇంకా తేల్చుకోలేదు.

సింహం, చిరుత, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం. వీటిని ‘బిగ్ ఫైవ్’ అంటారు. కాలినడకన వేటాడబోతే ప్రాణం మీదికి తెచ్చేవి అని వేటగాళ్లు ఇచ్చిన బిరుదది. తుపాకులు పోయాయి, జాబితా మిగిలింది. మేం దానిమీద టిక్కులు పెట్టుకుంటాం. అంతెత్తున్న జిరాఫీకి అందులో చోటు లేదు. ఎవర్నీ చంపే ఉద్దేశం లేకపోతే పెద్దవాళ్లలో లెక్కేయరు, అక్కడైనా ఇక్కడైనా.

మొదటి రోజు తరంగీరే పార్కు. తలకిందులుగా పాతినట్టున్న బావోబాబ్ చెట్లు, వాటి నీడన ఏనుగుల మందలు. చెట్టుకు ముప్పై ఫొటోలు తీశాను. అదే జాతి మహావృక్షం గోల్కొండ నయాఖిలాలో ఉందని, మా ఇంటికి ఆటోలో వెళ్లేంత దూరమని, తిరిగొచ్చాక తెలిసింది. ఇంకా వెళ్లలేదు. మర్నాడు మన్యారా ఉప్పుసరస్సు. అక్కడ సింహాలు చెట్లెక్కుతాయని ప్రసిద్ధి. ఆ రోజు సెలవు పెట్టినట్టున్నాయి. మూడోనాడు గొరొంగోరో: అగ్నిపర్వతం కుప్పకూలి ఏర్పడిన బాన, 600 మీటర్ల లోతు, అడుగున 260 చదరపు కిలోమీటర్ల నేల. అంచున స్వెటర్, అడుగున చెమట. ఆ తర్వాత సెరెంగెటి, గడ్డీ ఆకాశమూ తప్ప ఇంకేమీ లేని చోటు. నీలం చొక్కా వేసుకోవద్దని ముందే చెప్పారు, సెట్సీ ఈగలకు ఆ రంగంటే మోజు. చెట్లకు వేలాడదీసిన నీలం, నల్ల గుడ్డలు వాటికి పెట్టిన ఉచ్చులే. నాకున్న మంచి చొక్కా అదే. ఈగలు నన్నూ ఉచ్చే అనుకున్నాయి.

చిరుత కనబడిందని వైర్‌లెస్‌లో మాట వినబడిన పది నిమిషాలకు ఆ చెట్టు కింద బండ్లు చూడాలి. సంక్రాంతి ముందురోజు పంతంగి టోల్‌గేటు నయం. కొమ్మ మీంచి కిందికి వేలాడుతున్నది తోకా, కొమ్మా అన్న చర్చ గంటసేపు నడిచింది. తోకే అని మెజారిటీ తీర్మానం.

అసలు విషయం గొరొంగోరో దారిలో ఉంది. రోడ్డు పక్కన, పశువులు కాచుకునే మసాయి తెగ ఆడవాళ్లు గాడిదల మీద నీళ్ల డబ్బాలు వేసుకుని పోతున్నారు. ‘పుండా’ అన్నాడు మా డ్రైవరు. గాడిద. ఇంకాస్త దూరం పోయాక జీబ్రాల గుంపు. ‘పుండా మిలియా’ అన్నాడు. గీతల గాడిద! బండి ఆగింది, కప్పు లేచింది, అందరం నిలబడ్డాం. గీతల్లేని గాడిదకు ఎవరూ లేవలేదు.

ఆ గాడిద యజమానుల కథ ఇది. సెరెంగెటి అన్న పేరే వాళ్ల మాటలోంచి వచ్చింది, అంతులేని మైదానమని అర్థం. 1959లో బ్రిటిష్ ప్రభుత్వం పేరు అట్టేపెట్టుకుని మనుషులను పంపించేసింది. గొరొంగోరోలో పశువులతో సహా ఉండొచ్చని మాటిచ్చారు. 1970లలో బాన అడుగునుంచీ లేపేశారు. 2022 నుంచి వందల కిలోమీటర్ల దూరంలోని మ్సోమెరా అనే ఊరికి తరలిస్తున్నారు. ఇష్టపడే వెళ్తున్నారని ప్రభుత్వం, తరుముతున్నారని మసాయిలు. నల్లమల చెంచులకు ఈ వాదం అనువాదం చేసి చెప్పక్కర్లేదు.

కారణం జనాభా అట. 8,000 మంది ఉన్నవాళ్లు లక్షకు చేరారు. ప్రకృతి మీద భారం. సరే. 1960ల మొదట్లో సెరెంగెటిలో వైల్డ్‌బీస్టులు (గడ్డమున్న పెద్ద జింకలు) రెండున్నర లక్షలు, ఇప్పుడు 13 లక్షల దాకా. ఇది ప్రకృతి అద్భుతం. అవెలా పెరిగాయంటే, రిండర్‌పెస్ట్ అనే మాయరోగం రాకుండా చుట్టుపక్కల ఊళ్ల ఆవులకు టీకాలేశారు. ఆవుల్లో రోగం పోయేసరికి వైల్డ్‌బీస్టులకు అంటించేవాళ్లు లేకపోయారు. సూదిపోటు ఆవుకు, సంతానం వైల్డ్‌బీస్టుకు. ఆ ఆవుకు ఇప్పుడు పార్కులో గడ్డిపరక ముట్టే హక్కు లేదు. వైల్డ్‌బీస్టేమో మారా నది ఈది వీసా లేకుండా కెన్యాలో మేసొస్తుంది. మొసలి తప్ప అడిగేవాడు లేడు.

అందుకని ఒక చవకైన పరిష్కారం సంబంధిత అధికారుల పరిశీలనకు సమర్పిస్తున్నాను. మసాయిలకు ఇంటికో సున్నం డబ్బా, కుంచె ఇవ్వాలి. గాడిదలకు గీతలు కొట్టుకుంటారు. అంతటితో అవి వన్యప్రాణులు. ఎక్కడైనా మేయొచ్చు, తరిమితే నేరం, చూడ్డానికి మనబోటివాళ్లు డాలర్లు కడతాం. నీళ్ల డబ్బాలు వీపునుండగా ఫొటో తీస్తే అదనపు రుసుం. ఆవులకు గడ్డం అతికిస్తే వైల్డ్‌బీస్టులు. దూరం నుంచి నాకైతే తేడా తెలియదు, నాకు తెలియకపోతే చాలు కదా, టికెట్టు కొన్నది నేను.

చివరి సాయంత్రం ఈ పథకాన్ని మా డ్రైవరుకు వివరించాను. నవ్వుతాడనుకున్నా. ఇంజన్ ఆపి, శ్రద్ధగా విని, మార్చిలో పెద్దవానలు మొదలైతే సున్నం కారిపోదా అని అడిగాడు. నాకా ఆలోచన రాలేదు. ఎనామిల్ వేద్దామన్నాను. రేపు అరూషా వెళ్తున్నాం కదా, డబ్బా ఎంతో కనుక్కుంటానన్నాడు.